సాయంత్రం దాకా ఆగిన టికెట్టు

ఇలా రా అమ్మడూ. ఆ కిటికీ దగ్గర నించుంటే నా గొంతు నీకందదు. ఈ మంచం అంచున కూర్చో, కాళ్ళు పైన పెట్టుకో. అలా కాదు, ఆ దిండు నడుం వెనక పెట్టుకో, నీ నడుం ఇప్పుడు నీ ఒక్కదానిది కాదు. ఇంకో మూడు నెలల్లో నీ ఒళ్ళోకి ఒకరొస్తారు. ఆ వచ్చిన మనిషి ఏదో ఒకనాడు, "మా అమ్మమ్మ ఏమైందమ్మా" అని నిన్ను అడక్కుండా ఉండదు. అప్పటికి నేనుంటానో లేదో. అందుకని మీ అమ్మ ఆఖరి వారం సంగతి ఇవాళ చెప్పేస్తాను. నీకు తెలుసనుకుంటున్నావు. తెలిసింది కొంచెమే, అందులోనూ తప్పులున్నాయి.

నాకు చదువు రెండో తరగతి. అంకెలు వస్తాయి, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. కానీ జ్ఞాపకం మాత్రం దేవుడు అవసరానికి మించి ఇచ్చాడు. మీ అమ్మ ఐదో ఏట ఏ గౌను ఏ మేకుకి తగిలించుకుని చించిందో చెప్పమన్నా చెప్తాను. కొంచెం తక్కువ ఇచ్చినా బాగుండేది.

నలభై రెండేళ్ళు మార్కెట్లో కూర్చున్నాను. రేకుల షెడ్డు, నేల మీద పసుప్పచ్చ రంగుతో గీసిన గళ్ళు, గడికో నెంబరు. నాది డెబ్భై ఒకటి. టమాటాలు, ఆకుకూరలు. పొద్దున్నే లారీ దిగినప్పుడు ఒక ధర, ఎండెక్కాక ఒక ధర. సాయంత్రం షెడ్డు కడగడానికి గొట్టం పట్టుకుని ఒకడొచ్చేవాడు. వాడి అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో, మాకు మాత్రం వాడు గొట్టమే. గొట్టం ఆ చివర నీళ్ళు వదిలాడంటే ఈ చివర కూర్చున్న మాకు గుండెల్లో దడ. గడిలో ఏముంటే అది తడిసి, బురదయి, కాలవలోకి పోతుంది. నీళ్ళు మా వరస చేరేలోపు ఎంతకైనా ఇచ్చేసేవాళ్ళం. పొద్దున ముప్ఫై అన్నది పదికి, పది అన్నది ఊరికే. ఆ కిటుకు తెలిసిన ఆడవాళ్ళు సంచులు చంకన పెట్టుకుని గొట్టం వెనకాలే ఊరేగింపులో నడిచినట్టు నడిచొచ్చేవాళ్ళు. నేను పప్పులూ ఉప్పులూ చేపలూ అన్నీ ఆ వేళకే కొనేదాన్ని. పొద్దున ధర పెట్టి ఏదైనా కొన్నానంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంకో సంగతి. పొద్దునపూట వచ్చినవాళ్ళు బేరం కుదరక వెళ్ళిపోతుంటే మేమంతా ఒకే పాట పాడేవాళ్ళం. "రేపటికి ఈ ధర ఉండదమ్మా, ఇప్పుడే తీసుకో." అబద్ధం. రేపటికి ఉండేది. ఇవాళ సాయంత్రానికి ఇంకా తగ్గేది కూడా. నలభై రెండేళ్ళు ఆ అబద్ధం నా నోట్లో తిరిగింది.

ఇక మీ అమ్మా, పిన్నీ. మీ పిన్ని చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఏజెన్సీవాళ్ళు కాగితం అంటించారు, ఇటలీ దేశంలో మంచాన పడ్డ ముసలివాళ్ళని చూసుకునే పని ఉందని. ఆ దేశానికి కింది కొసన, సముద్రం ఒడ్డున రేవు ఊరు. ఆ ఊరి పేరు అప్పుడూ నాకు నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. మీ పిన్ని ఆ పని కోసం నాలుగు నెలలు ఆ భాష నేర్చుకుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, కాలర్లు కుడుతూ గొణుక్కునేది. పక్క మిషను పిల్లలు "దీనికి గాలి సోకింది" అని నవ్వుకునేవాళ్ళు. పాస్‌పోర్టు తీసుకుంది, మాటలు నేర్చుకుంది, పెట్టె కొనుక్కుంది. సరిగ్గా అప్పుడే మీ నాన్న పోయాడు. నీకు మూడేళ్ళు. మీ అమ్మ చేతిలో నువ్వు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు నేనే కూర్చుని తేల్చాను. పెళ్ళి కానిది ఎలాగైనా బతుకుతుంది, బిడ్డ ఉన్నదానికి ఆ జీతం కావాలి అన్నాను. ఏజెన్సీ ఆవిడ కాళ్ళావేళ్ళా పడి మీ పిన్ని బదులు మీ అమ్మని పంపించాను. మీ పిన్ని ఒక్క మాట అనలేదు. బయల్దేరే రోజు గుమ్మంలో తన నోటుబుక్కు తెచ్చి మీ అమ్మ చేతిలో పెట్టింది కూడా. మీ అమ్మకి లోపల వణుకు. వణుకు పుట్టినప్పుడు దాని నోరు పొగరుగా మాట్లాడుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. "నువ్వెళ్ళినా నెల తిరక్కుండా ఏడ్చుకుంటూ వచ్చేసేదానివిలేవే" అంది. మీ పిన్ని ఆ నోటుబుక్కు మళ్ళీ మీ అమ్మ చేతిలోంచి తీసేసుకుని లోపలికెళ్ళిపోయింది. అంతే. ఆరేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

నీకు గుర్తుందో లేదో, మీ అమ్మ ఫోన్ చేసేది ఆదివారాలు. నా చెవికి ఫోను, మాటలు వాళ్ళిద్దరివీ.

"దాన్నడుగమ్మా, పిల్లకి బూట్లు కొనిందా అని."

మీ పిన్ని నాకు నాలుగడుగుల దూరంలో బట్టలు మడతపెడుతూ ఉండేది. "కొన్నానని చెప్పు ఆవిడకి."

"ఏ సైజుట?"

"ఎదిగే పిల్లకి ఏ సైజు కొంటారో ఆ సైజేనని చెప్పు."

"ఆ మూతి అలా ముడవద్దని చెప్పమ్మా, ఇక్కడికి కనిపిస్తోంది."

"ముందు తన మూతి అద్దంలో చూసుకోమను."

ఆరేళ్ళు నేను టెలిఫోను తీగలాగా బతికాను. ఒకసారి విసుగొచ్చి, కొట్టుకు చావండని ఫోను బల్ల మీద పెట్టి పక్కకెళ్ళాను. ఇద్దరికిద్దరూ ఉలుకూ పలుకూ లేదు. రెండు నిమిషాలు చూసి, దండగని కట్ చేశాను.

అలాంటిది ఒక శనివారం పొద్దున ఫోనొచ్చింది. మీ అమ్మ కాదు, అది ఉండే బిల్డింగులోనే వంట చేసే ఆవిడ, మన భాష మనిషి. "అమ్మగారూ, కంగారు పడకండి, మీ అమ్మాయిని ఆసుపత్రిలో పెట్టారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట" అంది. కంగారు పడొద్దన్నారంటే కంగారు పడాల్సిందే కదా. తర్వాత మీ అమ్మ మాట్లాడింది. నాలుగు మాటలకొకసారి ఆగుతోంది, మెట్లెక్కుతున్న మనిషిలాగా.

"అమ్మా, చెల్లిని పంపించు."

దాన్ని, అది అనలేదు. చెల్లి అంది. ఆరేళ్ళలో మొదటిసారి.

"నేనొస్తానే."

"నువ్వు కాదు. చెల్లిని. దాంతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలో నాకు చెప్పవే."

"నీతో చెప్పేదయితే నీకే చెప్తానుగా" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయిపోయింది.

మీ పిన్ని అప్పుడు నీ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. అంతా విని, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసేసి, ట్రంకుపెట్టె అడుగునుంచి పాస్‌పోర్టు తీసింది. ఆ పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర పడలేదు ఎప్పుడూ. "ఫ్యాక్టరీకి వెళ్ళి సెలవడిగొస్తాను" అంది.

అనుమతి కాగితాలు నెలలు పడతాయని అందరూ భయపెట్టారు. ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన ఉత్తరం చూపిస్తే సోమవారం మధ్యాహ్నానికే ముద్ర కొట్టి ఇచ్చారు. చూడు, కష్టమనుకున్నది సులువుగా అయిపోయింది. సులువైనదాన్ని నేను కష్టం చేశాను.

మార్కెట్ గేటుకి ఎదురుగా మెట్ల కింద ఇరుకు గది ఉండేది. కాగితాలకి నకళ్ళు తీసే మిషను, రెండు కంప్యూటర్లు, ఫోటోలు తీయడానికి ఒక నీలం గుడ్డ తెర. అందులో అతన్ని మేం కళ్ళజోడు అనేవాళ్ళం, ముక్కు మీద ఒకటి, నెత్తి మీద ఒకటి ఎప్పుడూ రెండుండేవి. టికెట్లు తీసిపెట్టేది అతనే. ముద్ర పడ్డ పాస్‌పోర్టు పట్టుకుని, నేనూ మీ పిన్నీ ఆ సోమవారం మధ్యాహ్నమే అక్కడికెళ్ళాం. అతను చాలాసేపు వెతికాడు. ఒకటి చూస్తాడు, కాదంటాడు, ఇంకోటి నొక్కుతాడు. చివరికి, "ఇదిగో పెద్దమ్మా, ఇంతకంటే చవకది లేదు" అన్నాడు. "రేపు సాయంత్రం ఏడున్నరకి ఎక్కితే బుధవారం పొద్దున తొమ్మిదికి ఆ ఊళ్ళో దిగుతుంది. మధ్యలో ఒక్కచోట మారాలి. భుజానికి తగిలించుకునే సంచి తప్ప సామాను వద్దు. ముప్ఫై ఒక్క వేలు."

నా నడుముకి కట్టుకున్న సంచిలో ముప్ఫై ఎనిమిది ఉన్నాయి.

"ఎన్ని సీట్లు మిగిలాయి బాబూ?" అన్నాను.

"ఈ ధరకి నాలుగు."

"ఈ ధర మాట సరే. విమానం మొత్తంలో?"

"ఎంత లేదన్నా నలభై ఉంటాయి."

మీ పిన్ని వైపు తిరిగాను. "విన్నావుటే, నలభై ఖాళీ. ఎగిరేది రేపు సాయంత్రం. రేపు వద్దాం."

కళ్ళజోడు నవ్వాడు. "పెద్దమ్మా, ఇవి టమాటాలు కాదు. టైము దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది గానీ తగ్గదు."

"ఎందుకు పెరుగుతుంది? ఖాళీ సీట్లు మోసుకుపోతే వాడికేం మిగులుతుంది?"

"ఆఖరి నిమిషంలో కొనేవాడు తప్పనిసరై కొంటాడు. తప్పనిసరైనవాడి దగ్గర ఎంతైనా గుంజుతారు. రేపటికి ఈ ధర ఉండదమ్మా, ఇప్పుడే తీసుకోండి."

అదిగో. అతను మంచివాడే. నిజమే చెప్పాడు. కానీ ఆ మాట అతని నోట్లోంచి రాగానే నాకు నా గొంతే వినిపించింది. నా పాట నాకే పాడుతున్నాడనుకున్నాను. మనసులో నవ్వుకున్నాను కూడా, ఎవరి దగ్గర నాయనా ఈ కబుర్లు అని.

"అమ్మా, తీసేసుకుందాం" అంది మీ పిన్ని, మెల్లిగా.

"తీసుకుని? అక్క ఆసుపత్రిలో ఉంటే నువ్వు వట్టి చేతుల్తో దిగుతావా? పండు కొనిపెట్టాలన్నా, నువ్వు గుక్కెడు కాఫీ తాగాలన్నా డబ్బు కావద్దూ? రేపు సగానికి వస్తుంది. ఆ మిగిలింది నీ చేతిలో పెడతాను."

అది నీలం తెర అంచు వేలికి చుట్టుకుంటూ నించుంది. మళ్ళీ అడగలేదు. ఆరేళ్ళ తర్వాత అక్క ముఖం చూడాలంటే దానికీ బెరుగ్గానే ఉండి ఉంటుంది, ఒక రోజు గడువు దొరికితే ఊపిరి పీల్చుకుందేమో. అలాగని దాని మీద నేనేమీ తోయను. సంచి నా నడుముకుంది. ముడి విప్పాల్సింది నేను.

మంగళవారం ఒంటిగంటకి వెళ్ళాం. ఈసారి సామానుతో సహా, మీ పిన్ని భుజానికి సంచి తగిలించుకునే వచ్చింది. కళ్ళజోడు కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. నలభై ఆరు.

లోపల నా లెక్క తప్పింది. పైకి మాత్రం నిబ్బరంగా, "నాకు తెలుసులే, ఆడదాన్ని చూసి పెంచావు" అన్నాను. "చివరి మాట. ముప్ఫైకి ఇస్తావా, వెళ్ళిపోనా?"

"అమ్మా, పరువు తీయకు" అంది మీ పిన్ని.

"నువ్వుండవే. ఇస్తావా బాబూ?"

అతను నెత్తి మీది జోడు తీసి, ముక్కు మీది జోడు పైకి తోసి, నా వైపు చూశాడు. నేను చెంగు దులిపి బయటికి నడిచాను. మార్కెట్లో పద్ధతి నీకు తెలుసుగా. బేరం తెగకపోతే వెనక్కి తిరక్కుండా పది అడుగులు వెయ్యాలి. పదో అడుగులోపు వెనకనుంచి పిలుపొస్తుంది. నా ఎరుకలో రాకుండా ఉన్నది లేదు. లెక్కపెట్టుకుంటూ నడిచాను. పది. పదకొండు. పన్నెండో అడుగుకి చెప్పులు కుట్టే అతని బల్ల దాకా వచ్చేశాను. ఎవరూ పిలవలేదు. చెప్పులతను తలెత్తి, "తెగిందా అత్తా?" అన్నాడు, చెప్పు సంగతి అనుకుని.

తిరిగి చూస్తే కళ్ళజోడు గుమ్మంలో నించున్నాడు, ఖాళీ చేతులు రెండూ చాపి. "పెద్దమ్మా, ధర నా చేతిలో లేదు. ఉంటే నిన్ననే దించేసేవాణ్ణి. మీరు ఎవరితో బేరమాడుతున్నారు చెప్పండి?"

అప్పటికైనా నాకు బుద్ధి రావాలా? రాలేదు. నలభై ఆరు మా దగ్గర లేవన్నది నిజమే. ఎనిమిది వేలు ఒక గంటలో ఎవరి దగ్గరైనా తెచ్చేదాన్ని, మార్కెట్లో నా మాటకి ఆ మాత్రం విలువుంది. కానీ నా బుర్రలో గొట్టం ఇంకా మా వరసకి రాలేదు. నాలుగింటికి వద్దాం, అప్పుడు చూడు వాడి అవస్థ, అనుకున్నాను. మీ పిన్ని అడిగింది, "నాలుగింటికి కూడా తగ్గకపోతే?" అని. "తగ్గకపోతే నా పేరు మార్చుకుంటాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగింటికి వెళితే ఆ విమానం తెర మీద లేనే లేదు.

"అమ్మకం ఆపేశారు పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి విమానాశ్రయం చేరాలన్నా ఇప్పుడు టైము చాలదు."

"మరి ఆ నలభై సీట్లు?"

"ఖాళీగా వెళతాయి."

నేనా కుర్చీలో కూలబడ్డాను. ఖాళీగా వెళతాయిట. ఎవరికీ ఇవ్వకుండా, తగ్గించకుండా, ఊరికే పారబోసుకుంటారుట. అమ్ముడుపోని సరుకుని పారబోయడానికి ముందే సిద్ధపడ్డవాడు లోకంలో ఉంటాడని నాకు తెలియదు అమ్మడూ. అలాంటివాడితో బేరం ఏముంటుంది? వాడికి నీ అవసరమే లేదు. నాకు మార్కెట్టే లోకం. ఆ లోకం బయట నాకొచ్చిన విద్య ఎందుకూ పనికిరాదని ఆ కుర్చీలో తెలిసింది.

ఆ సాయంత్రం ఆరింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. గొంతు ముందటికంటే సన్నగా ఉంది గానీ హుషారుగా ఉంది.

"బయల్దేరిందా అమ్మా?"

నేను మీ పిన్ని వైపు చూశాను. అది భుజం మీది సంచి ఇంకా దించలేదు.

"బయల్దేరుతోందే" అన్నాను. నలభై రెండేళ్ళు అబద్ధం చెప్పి టమాటాలమ్మినదానికి ఒకటి ఎక్కువా?

"ఒకసారి దానికివ్వు ఫోను."

ఇవ్వబోయాను. మీ పిన్ని తీసుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "వస్తున్నానుగా, వచ్చాక మాట్లాడతానని చెప్పు. ఫోనులో అయ్యే మాటలు కావు." ఆరేళ్ళ అలవాటు. నేను అలాగే చెప్పాను, తీగలాగా. "సరేలే, రానీ" అంది మీ అమ్మ. అది నేను విన్న దాని ఆఖరి మాట. సరేలే, రానీ.

బుధవారం పొద్దున ఆ రోజు విమానానికి యాభై నాలుగు. అది కూడా రెండుచోట్ల మారి, ఒకచోట పద్నాలుగు గంటలు బెంచీ మీద కూర్చుని, శుక్రవారం పొద్దునకి చేరేది. ఇక బేరం లేదు. మార్కెట్లోకి వెళ్ళి ఉల్లిపాయలావిడ ముందు నించున్నాను. ఆవిడ నా ముఖం చూసి, గల్లాపెట్టె గోనె మీద బోర్లించి, "ముందు పిల్లని ఎక్కించు, మిగతా ఏడుపులు తర్వాత" అంది. మీ పిన్ని సాయంత్రం బస్సెక్కింది. దాని చేతిలో ఆ పాత నోటుబుక్కుంది.

అది బస్సెక్కిన అరగంటకి వంటావిడ ఫోను. మధ్యాహ్నం నుంచి మీ అమ్మకి ఊపిరి అందడం మానేసిందిట. గొంతులోకి గొట్టం వేశారుట, నిద్రమందు ఇచ్చారుట. లేస్తుందో లేదో చెప్పలేమన్నారుట. నేను మీ పిన్నికి చెప్పలేదు. తెలిసి మాత్రం బెంచీ మీద పద్నాలుగు గంటలు అది ఏం చేస్తుంది?

తొమ్మిదికి దిగాల్సిన బుధవారం అది. ముప్ఫై ఒక్క వేల టికెట్టుకి ఆ పొద్దున తొమ్మిదికి దిగి ఉంటే, వాళ్ళకి మధ్యాహ్నం దాకా ఉండేది. నాలుగు గంటలు. ఆరేళ్ళకి సరిపోతాయా అంటే సరిపోయేవి. అక్కచెల్లెళ్ళకి గంట చాలు.

శుక్రవారం మీ పిన్ని ఫోన్ చేసి, "అమ్మా, అక్క పడుకుని ఉంది" అంది. అంతే అంది. ఆ గదిలో మంచానికి కుడివైపు తలుపుంది, కుర్చీలన్నీ అటే ఉన్నాయిట. ఒక్క కుర్చీ మాత్రం ఎడమవైపు, తలాపు గోడకి ఆనించి ఇరుగ్గా వేసి ఉందిట, నర్సులకి అడ్డంగా. ఎవరూ తీయలేదుట. మీ పిన్నికి ఎడమ చెవి మందం కదా. ఆ కుర్చీలో కూర్చుంటే దాని మంచి చెవి మంచం వైపుకి వస్తుంది. మీ అమ్మ మంగళవారమే నర్సుని బతిమాలి అది అక్కడ వేయించుకుందని వంటావిడ తర్వాత చెప్పింది.

ఇంకా చెప్పింది ఆవిడ. మంగళవారం మీ అమ్మ లేచి కూర్చుందిట. తల దువ్వించుకుందిట. బయట చెప్పుల చప్పుడైతే చాలు తలుపు వైపు చూసేదిట. "అది రాగానే ముందు తిడుతుంది. తిట్టనిస్తాను. తిట్టి తిట్టి అలిసిపోయాక అప్పుడు చెప్తాను" అని నవ్విందిట. ఏం చెప్తావమ్మా అని వంటావిడ అడిగితే, "మీకు చెప్పేదయితే దాన్నంత దూరంనుంచి రమ్మంటానా" అందిట.

మీ పిన్ని ఆ కుర్చీలో రెండు రోజులు కూర్చుంది. నోటుబుక్కు చూసి, నేర్చుకున్న ఆ భాషలో నర్సుని అడిగిందిట, నేను మాట్లాడితే వినపడుతుందా అని. వినపడచ్చు, మాట్లాడమందిట. మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, నేనడగలేదు. ఆదివారం పొద్దున ఆరింటికి మీ అమ్మ పోయింది. ఆదివారమే. నువ్వు ఫోను దగ్గర స్టూలేసుకుని కూర్చున్నావు, అమ్మ ఫోన్ చేస్తుందని.

దహనమూ అవీ అన్నీ అక్కడే జరిగాయి. పదిహేను రోజులకి మీ పిన్ని తిరిగొచ్చింది. గుమ్మంలో చెప్పులైనా విడవకముందే నువ్వెళ్ళి దాని చీర పట్టుకుని అడిగావు. "పిన్నీ, అమ్మ నీతో ఏమంది?" తొమ్మిదేళ్ళ పిల్లవి. అది నీ ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. "నిన్ను బాగా చదువుకోమంది. ఎవరెంత చెప్పినా మధ్యలో ఆపొద్దంది" అంది.

ఆ మాట మీ అమ్మది కాదు తల్లీ. మీ పిన్నిది.

ఏడిస్తే ఏడువు, నేనాపను. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు చదివావు. మందుల షాపులో తెల్లకోటేసుకుని నించున్న మొదటి రోజు, "అమ్మ చెప్పింది చేశాను అమ్మమ్మా" అని నా కాళ్ళకి దణ్ణం పెట్టావు. ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. మీ అమ్మ చెప్పాలనుకున్నది ఏదో ఒకటుంది. అది నా మూలంగా ఎవరి చెవినా పడకుండా పోయింది. ఖాళీగా ఉంటే నువ్వు తట్టుకోలేవని మీ పిన్ని అక్కడ తన మాట పెట్టింది. అది అబద్ధమే. కానీ నా అబద్ధాల్లాంటిది కాదు. దాన్ని నిలదీయకు.

ఇంకొకటి. పరామర్శకొచ్చినవాళ్ళందరూ, "పాపం, సమయానికి టికెట్లు దొరకలేదట" అన్నారు. ఎవరు పుట్టించారో ఆ మాట. నేను తలూపాను. మీ పిన్ని నా పక్కనే కూర్చుని ఉంది, కాదనలేదు. పదహారేళ్ళయింది, ఈ రోజుకీ కాదనలేదు. ఒక్కసారి, ఒక్క కోపంలోనైనా, "నీ వల్లేనమ్మా" అని అంటుందేమోనని చూశాను. అన్నం పెడుతుంది, మందులిస్తుంది, నా కాళ్ళకి నూనె రాస్తుంది. అనదు. అంటే నాకు కొంచెం తేలికయ్యేది, అది దానికీ తెలుసు.

కళ్ళజోడు మాత్రం ఒకసారి ఎదురై, "ఆ రోజు నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది పెద్దమ్మా" అన్నాడు. "నువ్వు చెప్పావు నాయనా, నేనే వినలేదు" అన్నాను. అతను ఇప్పుడు లేడు. ఉల్లిపాయలావిడా లేదు. తెలిసినవాళ్ళం నేనూ మీ పిన్నీ. అది చెప్పదు. అందుకే నీకు చెప్తున్నాను.

రేపు నీ బిడ్డ అడిగితే టికెట్లు దొరకలేదని చెప్పకు. దొరికాయి. మా అమ్మమ్మ డబ్బు సంచి నడుముకి కట్టుకుని కూర్చుని వద్దంది అని చెప్పు. ఎందుకు వద్దందో కూడా చెప్పు, పిసినారి అనుకోకుండా, కానీ వద్దంది మాత్రం దాచకు. మీ పిన్ని రెండుసార్లు అడిగిందని చెప్పు. మీ అమ్మ తల దువ్వించుకుని తలుపు వైపు చూసిందని చెప్పు.

కళ్ళు తుడుచుకో. మంచినీళ్ళు తాగు. ఇప్పుడు మొదట్నుంచీ నువ్వు నాకు చెప్పు, నీ బిడ్డకి చెప్పినట్టే. నేను వింటాను. నన్ను వెనకేసుకొచ్చి ఎక్కడైనా మెత్తగా చెప్పావంటే, అక్కడ ఆపి మళ్ళీ చెప్పిస్తాను.